పాత కుర్చీ ఒకటి కొనాలి: చిప్పెండేలా, విండ్సరా, థోనెట్టా?

ఈ మధ్య వరసగా ఇదే ప్రశ్న. "టేబుల్ దగ్గర రోజూ కూర్చోడానికి పాత కుర్చీ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఏ స్టైల్ అయితే మేలు?" అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా, పైగా పోయిన నెలలో నేనూ ఇదే తర్జనభర్జన పడి ఒకటి ఇంటికి తెచ్చుకున్నా కాబట్టి అన్నీ ఇంకా గుర్తున్నాయి. వందేళ్ళు దాటితే యాంటిక్, దాటకపోతే వింటేజ్ లాంటి ఓనమాలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అందం గురించి కూడా పెద్దగా మాట్లాడను, అది ఎవరి కంటికి వాళ్ళది. నేను చూసేది ఒక్కటే, వదులైన రోజున ఆ కుర్చీని విప్పగలమా లేదా. కుర్చీ అన్నాక ఎప్పుడో అప్పుడు వదులవుతుంది. బీరువా గోడకానుకుని దాని మానాన అది ఉంటుంది, కుర్చీని మాత్రం రోజూ లాగుతాం, తోస్తాం, వెనక్కి వాలి రెండు కాళ్ళ మీద ఊగుతాం (మేం ఊగమండీ అనకండి, అందరం ఊగుతాం). ఆ ఊపంతా వెళ్ళి పడేది సీటు పక్కపట్టీ వెనక కాలిలోకి దిగే చోట. అందుకే పాత కుర్చీ చూడ్డానికి వెళ్తే నేను ముందు కూర్చోను, తిరగేస్తా.

చిప్పెండేల్‌తో మొదలెడదాం, ఎక్కువమంది అడిగేది అదే. థామస్ చిప్పెండేల్ అనే లండన్ వడ్రంగి 1754లో డిజైన్ల పుస్తకం అచ్చేశాడు, అది చూసి ఎక్కడెక్కడి వడ్రంగులో చేసేశారు, కాబట్టి చిప్పెండేల్ కుర్చీ అంటే ఆయన స్టైల్‌లో చేసింది అనే అర్థం గానీ ఆయన షాపులోంచి వచ్చిందని కాదు. ఇంకో సరదా సంగతి, పక్షి గోళ్ళు బంతిని పట్టుకున్నట్టుండే పాదం చూసి "ఇది పక్కా చిప్పెండేల్" అంటుంటారు కదా, ఆ పుస్తకంలో ఆ పాదమే లేదు. సరే, మహోగని కర్ర, నడుం వెనక లేసులా చెక్కిన పలక, చూస్తే కళ్ళు తిప్పుకోలేం, అది నిజమే. నా లెక్కలో దీని అసలు బలం మాత్రం జిగురు. అప్పట్లో వాడింది జంతు చర్మాలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు, కాస్త వేడి కాస్త తడి తగిలితే మెత్తబడి అతుకు వదిలేస్తుంది, శుభ్రం చేసి మళ్ళీ అదే జిగురు పెడితే పాతదానికీ పట్టుకుంటుంది. అంటే పద్ధతి తెలిసినవాడి చేతిలో ఎన్నిసార్లయినా విప్పి బిగించొచ్చు.

గొడవల్లా ఏంటంటే ఆ పద్ధతి తెలియనివాడి చేతిలో మధ్యలో ఒక్కసారి పడినా చాలు. నాకు జరిగిందే చెప్తా. కొన్నేళ్ళ కింద ఇలాంటిదొకటి ఆ వెనక పలక చూసి మురిసిపోయి కొన్నా, అమ్మినాయన "గట్టిగా రిపేరు చేయించామండీ, ఇక కదలదు" అన్నాడు. నిజమే, కదల్లేదు. ఓ ఏడాదికి కదిలింది. సీటు తీసి చూస్తే వెనక కాలిలోంచి పక్కపట్టీలోకి మూడు మేకులు, బెజ్జం నిండా ఎపాక్సీ అనే రసాయన జిగురు. ఆ ఎపాక్సీ వేడికి లొంగదు, తడికి లొంగదు, లాగితే బెజ్జంలో దిగిన నాలుకలాంటి ముక్క మేకుల వెంబడి నిలువునా చీలిపోయి సగం చేతికొచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. అప్పట్నించే ఈ తిరగేసి చూసే అలవాటు. ఇంకోటి, మార్కెట్‌లో దొరికే "చిప్పెండేల్"లలో చాలావరకు తర్వాతి కాలపు నకళ్ళే, వాటిల్లో చాలావాటికి ఆ నాలుక ముక్క కూడా ఉండదు, రెండు గుండ్రటి డోవెల్ పుల్లలు జిగురు పెట్టి దిగ్గొట్టేస్తారు, అంతే.

విండ్సర్ అంటే చెక్క సీటు, సన్నటి పుల్లల వీపు ఉండే కుర్చీ, దీని కథ వేరు. అందులో సీటే రాజు. మందపాటి పలక ఒకటి, కాళ్ళు పైదాకా సాగి వీపు అవవు, వీపు పుల్లలు కిందిదాకా దిగి కాళ్ళు అవవు, రెండూ విడివిడిగా ఆ పలకలోకే దిగుతాయి. ఇంగ్లిష్ వాటిల్లో సీటు ఎక్కువగా ఎల్మ్ కర్ర, దాని నారపోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి అంచు దగ్గర బెజ్జాలేసినా పగలదు. కాళ్ళు బీచ్ అనే చెట్టు కర్ర, ఇంగ్లండ్‌లోని హై వికోంబ్ చుట్టుపక్కల బీచ్ అడవుల్లో బాడ్జర్లనే పనివాళ్ళు పచ్చి కర్రనే లేత్ (కర్రని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పి కాళ్ళు చేసి కుర్చీల షాపులకి అమ్మేవాళ్ళు. అమెరికా విండ్సర్‌కి మెత్తటి పైన్ లేక పాప్లర్ సీటు, మేపుల్ కాళ్ళు, అన్నీ కలిసేలా పైన రంగు. పాత ఆకుపచ్చ రంగు ఉంటే దయచేసి గీకకండి.

పాతదో కాదో తెలుసుకోడానికి విండ్సర్‌లో ఓ చిన్న కిటుకుంది. కాలు లావుగా ఉన్నచోట కాలిపర్ (మందం కొలిచే సాధనం) పెట్టి రెండు వైపులా కొలవండి. కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుదించుకోదు, వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకి అడ్డంగా తక్కువ, అందుకని లేత్ మీద గుండ్రంగా తిప్పిన కాలు ఏళ్ళు గడిచేసరికి కాస్త కోడిగుడ్డు వాటం అవుతుంది. వేళ్ళతో తడిమినా తెలుస్తుంది. పిసరంత తేడా కూడా లేకుండా గుండ్రంగా ఉంటే నాకైతే అనుమానమే.

కూర్చోడానికి మాత్రం దీన్ని కొట్టేది లేదు. ఆ సీటు ఒంటి వాటానికి తొలిచి ఉంటుంది, కుషన్ అడగదు. బాగా చేసిన విండ్సర్ తొందరగా వదులవదు కూడా, ఎందుకంటే కాళ్ళు పక్కలకి చాచుకుని ఉంటాయి, బరువు పడేకొద్దీ బెజ్జంలోకి ఇంకా బిగుస్తాయి. కానీ వదులైందా, అయిపోయింది. చాలావాటిలో కాలి కొస సీటు పైకి వచ్చేదాకా దిగి ఉంటుంది, దాని నెత్తిన చెక్క చీల కొట్టి ఉంటుంది, ఆ చీలని డ్రిల్‌తో తొలిస్తే తప్ప కాలు ఊడదు, అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఒక పుల్ల తియ్యాలంటే పైన కమాను అంతా కదపాలి. మంచి వడ్రంగి కూడా "ఇది నాకొద్దులే" అనేది ఇక్కడే.

ఇక థోనెట్. పేరు తెలియకపోయినా చూసే ఉంటారు, కాఫీ హోటళ్ళలో ఉండే వంపుల కుర్చీ, పేము అల్లిన గుండ్రటి సీటు, వీపు దగ్గర ఒకదాంట్లో ఒకటి రెండు కమానులు. 14 నంబర్ మోడల్, 1859. మైకేల్ థోనెట్ చేసిందేంటంటే బీచ్ కడ్డీని ఆవిరిలో మగ్గబెట్టి, వంపు బయటివైపు ఇనప పట్టీ కట్టి అచ్చులో వంచాడు, కర్ర నొక్కుడుకి ఓరుస్తుంది గానీ సాగదీస్తే తెగుతుంది, పట్టీ ఉంటే ఆ సాగుడు ఉండదు. ఉన్నది మొత్తం ఆరు కర్రలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి, దిగిన చోట బిగించుకునేవాళ్ళు. 1930 నాటికే 5 కోట్ల దాకా అమ్ముడుపోయాయి.

నాకు కావాల్సింది ఆ నట్లే. కుర్చీ మీది ఊపంతా ఏ చోట పడుతుందని మొదట్లో చెప్పానో సరిగ్గా అదే చోట, వెనక కాలు సీటు రింగుని తాకే దగ్గర, ఇక్కడ జిగురు లేదు, బోల్టు ఉంది. కీచుమంటే రెంచి తెచ్చి పావు చుట్టు తిప్పడమే. వీపూ వెనక కాళ్ళూ ఒకటే కర్ర, కింద నాలుగు కాళ్ళనీ పట్టి ఉంచే ఇంకో రింగు.

లోపాలు లేవని కాదు. బీచ్ అంటే పురుగుకి మహా ఇష్టం, సీటు కింద సన్నటి బెజ్జాలుండి కొడితే లేత రంగు పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు, వదిలెయ్యండి. పేము సీటు మీద మోకాలు పెట్టి ఎక్కకూడదు, అదొక్కటి చాలు చిరగడానికి. సీటు అంచున వరసగా బెజ్జాలుంటే చేత్తో అల్లింది, బెజ్జాలు లేకుండా చుట్టూ గాడి ఉంటే మిషన్ అల్లిక షీటు, రెండోది మార్చడం తేలిక. లేబుల్ సీటు రింగు లోపలివైపు చూడండి, 1869లో పేటెంట్ పోయాక కోన్ లాంటి వేరే కంపెనీలు కూడా ఇదే మోడల్ దింపేశాయి, కోన్ అని ఉంటే చిన్నబుచ్చుకోకండి, అవీ గట్టివే.

మిగతావి క్లుప్తంగా. హెపుల్‌వైట్ అనే ఇంగ్లిష్ స్టైల్‌లో డాలు ఆకారపు వీపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాలడానికి భయం. లూయీ రాజుల కాలపు ఫ్రెంచి కుర్చీలు హాల్లో పెట్టుకోడానికి. మిడ్-సెంచరీలో (ఇరవయ్యో శతాబ్దం మధ్య నాటి స్టైల్) వెగ్నర్ అనే డెన్మార్క్ డిజైనర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ నాకూ ఇష్టమే, సీటుకి దాదాపు 120 మీటర్ల పేపర్ తాడు పడుతుంది, అల్లేవాళ్ళు అందుబాటులో ఉంటేనే ఆలోచించండి.

నేను తెచ్చుకున్నది 14 నంబరే. పక్కనే ఓ విండ్సర్ ఉంది, దాంట్లో అరగంట కూర్చున్నా, లేవబుద్ధి కాలేదు. తిరగేస్తే ఒక కాలు బెజ్జంలో ఇంత సందుతో టకటక కొట్టుకుంటోంది. అక్కడే పెట్టేసి వచ్చా, ఇప్పటికీ దాని మీదే మనసు.