డబుల్ బెడ్‌రూం, టిడ్కో ఇళ్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ ఇళ్లలో గోడకు మేకు దిగదు. తాళంచెవులు చేతికొచ్చిన మొదటి వారంలోనే అందరికీ తెలిసొచ్చే సంగతి ఇది. దేవుడి పటానికని కొడితే మేకు వంగుతుంది, సుత్తి వెనక్కి తంతుంది. అక్కడ ఇటుక లేకపోవడమే కారణం. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన జీ ప్లస్ 3 (నేల అంతస్తు, పైన మూడు) బ్లాకులు, హైదరాబాద్ చుట్టూ లేచిన ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం టవర్లలో కొన్ని షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. అల్యూమినియం షట్టరింగ్ బిగించి గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. గోడ మందం 4 నుంచి 6 అంగుళాలే, అయినా పై అంతస్తుల బరువంతా ఆ గోడే మోస్తుంది.

కాబట్టి మొదట కొనాల్సింది, లేదా బ్లాకంతా కలిసి కొని పెట్టుకోవాల్సింది, ఒక రోటరీ హ్యామర్ డ్రిల్లు. మామూలు డ్రిల్లుతో బిట్టు మాడిపోతుంది. పటాలకు 6 ఎం.ఎం. బిట్టు, ప్లాస్టిక్ గట్టా, స్క్రూ సరిపోతాయి. గీజరుకూ టీవీ స్టాండుకూ 10 ఎం.ఎం. బిట్టు, యాంకర్ బోల్టు కావాలి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, ఆ గీతకు అటూ ఇటూ జానెడు మేర డ్రిల్లు పెట్టకండి. వైర్ల పైపు పోతపోసినప్పుడే గోడలోకి వెళ్లిపోయి ఉంటుంది. అది తెగితే గోడ తవ్వి మార్చడం కుదరదు, పైనుంచి పీవీసీ పట్టీ వేసి కొత్త వైరు లాగాల్సిందే. గోడ కొట్టి కిటికీ పెద్దది చేద్దామన్నా, వంటగదిని హాల్లో కలుపుదామన్నా మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఇటుక ఇంట్లో అది మేస్త్రీ పని. ఇక్కడ అది మూడు అంతస్తులను మోసే స్తంభాన్ని కోసెయ్యడంతో సమానం. పక్కింటివాళ్లు ఆ పని మొదలుపెడితే మొహమాటపడకుండా ఆపించండి.

నిర్మాణం గట్టిదనాన్ని మెచ్చుకోవాలి. తీరప్రాంతంలో తుపాను గాలికి ఈ గోడలు కదలవు. ఇటుకకూ పిల్లరుకూ మధ్య పడే పగుళ్లు ఇక్కడ ఉండవు. గోడ సన్నం కాబట్టి అదే చదరపు అడుగుల్లో గది కాస్త ఎక్కువే దక్కుతుంది. టిడ్కోలో 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయి. మొదటి రెండూ ఒక పడకగదివి, మూడోదానిలో రెండు. తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు: హాలు, రెండు పడకగదులు, వంటగది, రెండు బాత్రూములు. నలుగురికి 365 చాలుతుంది, అయిదో మనిషి వస్తే చాలదు. 300లో మంచమూ బీరువా పడ్డాక నడవడానికి ఒక దారే మిగులుతుంది. మంచం కొనేముందు టేపు పట్టుకుని తలుపు తెరుచుకునే జాగా కూడా కొలవండి.

వేడి ఈ ఇళ్ల పెద్ద లోపం. కాంక్రీటు పగలంతా ఎండను మింగి, రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లోకి వదులుతుంది. పై అంతస్తులో, పడమటి గోడ ఉన్న ఫ్లాటులో ఏప్రిల్, మే నెలల రాత్రులు చాలా కష్టం. స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అంత పెట్టలేకపోతే సున్నంలో ఫెవికాల్ కలిపి మార్చిలో రెండు పూతలు వేయండి, ఒక ఎండాకాలానికి పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. దాని అవసరం అందరికన్నా ఈ కాలనీల మేడలకే ఎక్కువ. పూతకు ముందు మేడ మీద ఏళ్లుగా పేరుకున్న మట్టి కడిగి, వాననీటి గొట్టాల మూతులు శుభ్రం చేయాలి. లేకుంటే పొరలు పొరలుగా లేచిపోతుంది.

వానాకాలంలో గోడ చెమ్మ ఎక్కితే మచ్చ ఆకారం చూడండి. రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చలు సమాన దూరంలో వరసగా కనిపిస్తే అది స్లాబు లీకేజీ కాదు. షట్టరింగ్ పలకలను కలిపి పట్టుకున్న టై రాడ్ల రంధ్రాలను బయటివైపు సరిగా పూడ్చలేదన్నమాట. లోపల ఎన్ని కోట్లు రంగు వేసినా లాభం లేదు. బయటినుంచి రంధ్రం శుభ్రం చేసి, కుంచించుకుపోని గ్రౌటు దట్టించి, పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయాలి. ఒక ఫ్లాటుకు తాడు కట్టి మనిషిని దింపడం కన్నా, ఆ పక్క గోడ మొత్తానికి ఒకేసారి పని పెట్టుకుంటే ఇంటికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది. గోడ అడుగున రాళ్లు బయటపడి గుల్లగా ఉంటే దాన్ని మేస్త్రీలు హనీకోంబ్ అంటారు. దానిమీద సిమెంటు పూసేసి వదిలేస్తే లోపల ఇనుము తుప్పు పడుతుంది. గుల్లంతా చెక్కి, బాండింగ్ ద్రావణం రాసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి.

ఇరుగుపొరుగు తగాదాల్లో ఎక్కువ భాగం బాత్రూం దగ్గర మొదలవుతాయి. పైవాళ్ల నీళ్లు కిందివాళ్ల సీలింగు మీద పడతాయి. తప్పు ఎవరిదని వాదించుకునే ముందు పరీక్ష చేయండి: నహానీ ట్రాపును (బాత్రూం నేలమీది నీళ్లు పోయే రంధ్రాన్ని) గుడ్డతో బిగించి, నేలమీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, 24 గంటలు వాడకుండా వదిలేయండి. ఈలోగా కింద తడి వస్తే లోపం నేలదీ టైల్స్ సందులదీ. రాకుండా, కుళాయి తిప్పినప్పుడే కారితే పైపు జాయింటుది. ట్రాపు తెరిచి నీళ్లు వదిలినప్పుడు మాత్రమే కారితే ట్రాపుదీ దాని కింది మురుగు పైపుదీ. మూడింటికీ మరమ్మతు వేరు. ప్లంబరు వచ్చీ రాగానే టైల్స్ పగలగొడదామంటే ఈ పరీక్ష అయ్యేదాకా ఆగమనండి. టైల్స్ సందులే కారణమైతే పాత సిమెంటు గీకి ఎపాక్సీ గ్రౌటు నింపితే సరిపోతుంది. యాసిడ్ పోసి బాత్రూం కడిగే అలవాటు మానాలి. మెరుపు సంగతేమో గానీ, సందుల్లో సిమెంటును ఆ యాసిడే తినేస్తుంది.

డ్రైనేజీ సంగతి కింది అంతస్తువాళ్లకు బాగా తెలుసు. ప్యాడ్లు, పీచు, వంటనూనె గడ్డలు కలిసి పైపు మూసుకుపోతే పై మూడు ఇళ్ల మురుగు గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూంలోకి ఎగదన్నుతుంది. మూడు నెలలకోసారి చాంబర్ల మూతలు తీసి చూడటం, వానలకు ముందు జెట్టింగ్ మిషను పిలిపించడం తప్పనిసరి. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని మాత్రం దింపకండి. 2013 చట్టం దాన్ని నిషేధించింది, లోపలి గాలికి ప్రాణాలు పోతాయి.

ఇక అసలు విషయం. ఈ ఇళ్లు నిలవడమా పాడవడమా అన్నది తేల్చేది కాంక్రీటు కన్నా ముందు నెలవారీ వసూలు. బ్లాకు కామన్ మీటరు బిల్లు కట్టకపోతే కరెంటు కోస్తారు. కరెంటు లేకపోతే సంపులోంచి పైకి నీళ్లు రావు, లిఫ్టు కదలదు. నీళ్లు రాని ఇంట్లో ఎవరూ ఉండరు. ఖాళీ ఇళ్లు పెరిగితే వసూలు ఇంకా తగ్గుతుంది. చక్కగా కట్టిన బ్లాకులు పాడుబడ్డట్టు కనిపించేది ఈ దారిలోనే.

అంతస్తుకు 8 చొప్పున 32 ఇళ్లున్న జీ ప్లస్ 3 బ్లాకు తీసుకోండి. లిఫ్టు లేదు. ఇంటికి నలుగురు, మనిషికి 100 లీటర్లు అనుకుంటే రోజుకు 12,800 లీటర్లు పైకి ఎక్కాలి. 1.5 హెచ్‌పీ మోటారు రెండు గంటలు తిరిగితే పని అయిపోతుంది. రోజుకు సుమారు 3 యూనిట్లు, నెలకు 90. మెట్ల లైట్లూ ఊడ్చే మనిషీ కలిపినా ఇంటికి 150, 200 రూపాయలతో నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు కట్టకపోయినా బ్లాకు ఆగిపోదు.

ఇదే లెక్క కొల్లూరులో వేయండి. సంగారెడ్డి జిల్లాలో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 జూన్‌లో ప్రారంభించిన ఆ కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. సగటున బ్లాకుకు 134 ఇళ్లు, 9 నుంచి 11 అంతస్తుల ఎత్తు. అంత ఎత్తున్న బ్లాకులో ఇంటికి 300 వసూలు చేస్తే 40,200 వస్తుంది. నా అంచనాలో కరెంటుకు 12,000, ఊడ్చే ఇద్దరికి 16,000, లిఫ్టుల ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) 8,000, పెద్ద మరమ్మతుల నిధికి 4,000 పోతే అంతా చెల్లు. సగం మందే కడితే 20,100. కరెంటు బిల్లు కట్టి ఊడ్చేవాళ్లకు సగం జీతం ఇచ్చేసరికి అయిపోతుంది. లిఫ్టుకు ఏమీ మిగలదు. తొమ్మిదో అంతస్తులో మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకు లిఫ్టు ఆగడం అంటే ఇంట్లో బందీ అయిపోవడమే. ఇల్లు ఉచితంగా ఇచ్చిన కుటుంబానికి ఎత్తైన టవరు ఇవ్వడం సరైన నిర్ణయం కాదని నా గట్టి అభిప్రాయం. స్థలం ఆదా అయింది నిజమే, దాని ఖర్చు మాత్రం ప్రతి నెలా పేదవాడి మీద పడుతుంది.

టవర్లో ఉన్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోండి: మోటారుకు ఒక మీటరు, లిఫ్టుకూ లైట్లకూ ఇంకో మీటరు పెట్టించుకోండి. లిఫ్టు మీటరుకు కరెంటు కోసినా నీళ్లు ఆగవు. లిఫ్టు ఏఎంసీ రెండు రకాలు. సర్వీసు మాత్రమే ఉన్నది చవక, విడిభాగాలు కలిపింది ఖరీదు. కంట్రోలర్ కార్డో తాడో పోయిన రోజున చవకదానితో ఉన్నవాళ్లు ఒక్కసారిగా చందా వేసుకోలేక నెలల తరబడి మెట్లెక్కుతారు. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చాలి. సిమెంటు బస్తాలు, టైల్స్ లిఫ్టులో ఎక్కించనివ్వకండి. తలుపు గాడిలో ఇసుక పడితే సెన్సారు తప్పుగా చదివి తలుపు మూసుకోదు. లిఫ్టు చెడిపోయిందన్న ఫిర్యాదుల్లో చాలాసార్లు కారణం ఇదే.

సంఘం పెట్టుకోవడానికి 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు పెట్టండి. ప్రతి నెలా వచ్చిందీ పోయిందీ మెట్ల దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఎవరు కట్టలేదో రాసి అవమానించడం కన్నా, డబ్బు ఎక్కడికి పోయిందో చూపిస్తేనే వసూలు పెరుగుతుంది.

చోటు విషయంలో నా మార్కులు బస్తీ ఉన్నచోటే కట్టిన కాలనీలకు. సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీ 396 ఇళ్లు, జీ ప్లస్ 2, 2015 నవంబరులో తెరిచారు. లిఫ్టు అక్కర్లేదు, పని దగ్గర, బడి దగ్గర, ఇరుగుపొరుగు పాతవాళ్లే. ఊరి చివర ఇల్లయితే సంతకానికి ముందు లెక్క వేసుకోండి. బస్తీలో అద్దె 6,000 మిగులుతుంది. ఇద్దరు పనికి వెళ్తూ ఒక్కొక్కరికి రోజుకు 100 రూపాయల చార్జీ అయితే 26 రోజులకు 5,200 పోతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కావడంతో, ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషైతే ఆ ఖర్చు సగమవుతుంది. బస్సు వేళలు మాత్రం ముందే చూసుకోండి. తెల్లారి అయిదున్నరకు ఇళ్లలో పనికి బయలుదేరే మనిషికి ఏడింటి మొదటి బస్సు ఎందుకూ పనికిరాదు.

టిడ్కోలో 365 రకానికి 3.15 లక్షలు, 430 రకానికి 3.65 లక్షల బ్యాంకు రుణం ఉంటుంది. 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 2,730, 3,170 రూపాయలు. ఇల్లు అప్పగించడం ఆలస్యమై కిస్తీ ముందే మొదలైతే అద్దె, కిస్తీ రెండూ మోయాల్సి వస్తుంది. రుణ పత్రంలో కిస్తీ మొదలయ్యే తేదీ ఏముందో చదివించుకుని, బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. తెలంగాణ డబుల్ బెడ్‌రూంకు ఈ బాధ లేదు, కానీ అది వారసులకు వస్తుందే తప్ప అమ్మడానికి లేదు. 'కాగితం మీద రాసిస్తాం' అనేవాళ్ల దగ్గర కొనడం అంటే డబ్బు పారేసుకోవడమే.

తాళం తీసుకునే రోజు పగటిపూట వెళ్లండి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. పై అంతస్తు అయితే ట్యాంకు నెత్తిమీదే ఉండటం వల్ల ధార సన్నగా వస్తుంది, షవరు పనిచేయదు. ఇది లోపం కాదు, ఎత్తు తక్కువ కావడం. ప్రతి ప్లగ్గులో టెస్టర్ పెట్టి, ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బకెట్ నీళ్లు పోసి బాత్రూం వాలు ట్రాపు వైపే ఉందా చూడండి. కిటికీ అంచుల సందులు, తలుపు గడియలు, సింకు కింది పైపు చూసి, కనిపించిన లోపాలన్నీ కాగితం మీద రాసి, ఫొటోలు తీసి, ఒక కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకున్నాకే మీ సంతకం పెట్టండి. నెల రోజులు వాడాక చెప్తే ఆ లోపం మీరు చేసిందే అంటారు.