ఇంగ్లిష్ క్రియకు బలం కావాలంటే: అన్నిటికీ ‘రియల్లీ’నా, దేనికదే జతా?

తలుపు గట్టిగా కొట్టాడు. చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత గట్టిగా మాట్లాడకు. అతను నిర్దోషి అని గట్టిగా నమ్ముతున్నాను. వాన గట్టిగా పడుతోంది.

ఈ అయిదింటికీ మనకు ఒకే మాట సరిపోయింది. ఇంగ్లిషులోకి వెళ్ళేసరికి అది ముక్కలైపోతుంది. తలుపు దగ్గర ‘హార్డ్’, చెయ్యి దగ్గర ‘టైట్లీ’, గొంతు దగ్గర ‘లౌడ్లీ’, నమ్మకం దగ్గర ‘ఫర్మ్లీ’, వాన దగ్గర ‘హార్డ్’ లేదా ‘హెవీలీ’. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలామంది అన్నిచోట్లా ‘స్ట్రాంగ్లీ’ పెట్టేస్తారు. నమ్మకం దగ్గర అది చెల్లుతుంది, ‘ఐ స్ట్రాంగ్లీ బిలీవ్’ అని ఇంగ్లిష్ సొంతభాషగా ఉన్నవాళ్ళూ అంటారు. ‘ఇట్ రెయిన్డ్ స్ట్రాంగ్లీ’ అంటే మాత్రం, అర్థమవుతుంది గానీ అతికినట్టుండదు.

మరి ఇంగ్లిషులో ఒక క్రియకు జోరు తేవాలంటే ఏ దారి మేలు? నాకు మూడు కనిపిస్తాయి. ఏ క్రియ వచ్చినా ‘రియల్లీ’, ‘వెరీ మచ్’ లాంటి అందరి మాటతో సరిపెట్టుకోవడం ఒకటి. ఏ క్రియకు ఏ క్రియావిశేషణం అలవాటో జతగా నేర్చుకోవడం రెండోది. అసలు క్రియావిశేషణమే వద్దనుకుని, ఆ జోరు తనలోనే ఉన్న వేరే క్రియను ఎంచుకోవడం మూడోది.

మొదటి దారిని చిన్నచూపు చూడకూడదు. ‘ఐ రియల్లీ లైక్ ఇట్’, ‘ఐ రియల్లీ నీడ్ ఇట్’, ‘ఐ రియల్లీ హోప్ సో’... మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ సొంతభాషగా ఉన్నవాళ్ళు కూడా రోజంతా వాడేది ఇదే. క్రియకు ముందు పెడితే చాలు, దాదాపు ఎక్కడైనా ఇమిడిపోతుంది.

‘వెరీ మచ్’ అంత సులువు కాదు. తెలుగులో ‘చాలా’ క్రియకు ముందే వస్తుంది కాబట్టి ‘ఐ వెరీ లైక్’ అని నోటికొచ్చేస్తుంది. ‘వెరీ’ ఒక్కటే క్రియ మీద వాలదు. పోనీ ‘ఐ లైక్ వెరీ మచ్ దిస్ సాంగ్’ అందామంటే అదీ తప్పే, క్రియకూ కర్మకూ మధ్య ఇంగ్లిష్ సాధారణంగా ఎవర్నీ దూరనివ్వదు. ‘ఐ లైక్ దిస్ సాంగ్ వెరీ మచ్’ అనాలి. ఇంకో పేచీ ఏమిటంటే, ఇష్టం, మెప్పు, ఆశ లాంటి మనసుకు సంబంధించిన క్రియలతో ఇది బాగా కలుస్తుంది గానీ పనుల దగ్గరకు వచ్చేసరికి మొరాయిస్తుంది. ‘హి ర్యాన్ వెరీ మచ్’ అని ఎవరూ అనరు. అందుకే ఈ రెంటిలో ఒకటే ఎంచుకోవాలంటే ‘రియల్లీ’నే ఎంచుకోమంటాను.

కానీ అక్కడే ఆగిపోతే చదివేటప్పుడూ రాసేటప్పుడూ లోటు తెలుస్తుంది. దానికి కారణం మన భాషలోనే చూడొచ్చు. పకపకా నవ్వుతాం, గటగటా తాగుతాం, కరకరా నములుతాం, భోరున ఏడుస్తాం. పకపకా ఏడవడం, కరకరా తాగడం లేవు. ఎందుకు లేవంటే వ్యాకరణ సూత్రమేదీ చూపించలేం. ఆ మాటలు అలా జంటగానే మన చెవిన పడ్డాయి, అంతే. ఈ సహవాసానికే ఇంగ్లిషులో ‘కొలొకేషన్’ అని పేరు. 1950లలో బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ ఆ మాటకు భాషాశాస్త్రంలో చోటు కల్పించాడు.

జతల దారిలో అసలు విషయమంతా ‘పూర్తిగా’ అనే ఒక్క మాటతో చూపించవచ్చు. పూర్తిగా అర్థమైంది, పూర్తిగా మర్చిపోయాను, పూర్తిగా తిరస్కరిస్తున్నాను. ఇంగ్లిషులో అర్థం కావడానికి ‘ఫుల్లీ అండర్‌స్టాండ్’ చక్కగా కుదురుతుంది. మర్చిపోవడానికి ‘ఫుల్లీ’ కుదరదు, ‘కంప్లీట్లీ ఫర్గాట్’ అనాలి. తిరస్కరించడానికి ‘అటర్లీ రిజెక్ట్’ ఉంది. కాస్త పరిశీలిస్తే వీటి స్వభావం తెలుస్తుంది. ‘ఫుల్లీ’కి ఒప్పుకోలు ఇష్టం: ఫుల్లీ సపోర్ట్, ఫుల్లీ ఇంటెండ్, ఫుల్లీ అగ్రీ. ‘ఐ ఫుల్లీ డిసగ్రీ’ అరుదుగా తప్ప వినపడదు. ‘అటర్లీ’ చెడు వైపు మొగ్గుతుంది: అటర్లీ ఫెయిల్డ్, అటర్లీ డిస్ట్రాయ్డ్. ‘కంప్లీట్లీ’ మాత్రం ఇటైనా అటైనా సర్దుకుపోతుంది. ఎటూ తేలనప్పుడు అది పట్టుకోండి.

‘రికమెండ్’ దగ్గర తేడా ఇంకా సన్నం. పుస్తకం బాగుందని మెచ్చుకుంటూ చదవమంటే ‘హైలీ రికమెండ్’. డాక్టరుకు చూపించుకోమని నొక్కి చెబుతుంటే ‘స్ట్రాంగ్లీ రికమెండ్’. మొదటిదాంట్లో మెప్పు, రెండోదాంట్లో ఒత్తిడి. ఎవరూ గిరిగీసి కూర్చోలేదు, ఒకదాని చోట ఇంకోటి వినిపిస్తూనే ఉంటుంది. అయినా ఈ మొగ్గు తెలిసినవాళ్ళ ఉత్తరానికి నిండుదనం వస్తుంది. ‘అడ్వైజ్’కి వచ్చేసరికి ఆ వెసులుబాటు కూడా దాదాపు ఉండదు, అక్కడ ‘స్ట్రాంగ్లీ’నే అలవాటు.

‘బ్యాడ్లీ’ ఇంకో వింత. ‘హి స్యాంగ్ బ్యాడ్లీ’ అంటే పాట చెడగొట్టాడని. ‘హి బ్యాడ్లీ నీడ్స్ హెల్ప్’ అంటే అతనికి సాయం చాలా అవసరమని. క్రియ మారగానే అదే మాట అర్థం మార్చుకుంది. విడిగా బట్టీపట్టినవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు.

నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకుంటున్న ఒకమ్మాయి ఒకసారి ఉద్యోగానికి రాసిన దరఖాస్తు చూపించింది. ‘ఐ హార్డ్లీ వర్క్డ్ ఫర్ త్రీ ఇయర్స్’ అని ఉంది. మూడేళ్ళు ఒళ్ళొంచి పనిచేశానని చెప్పాలనుకుంది. కాగితం మీద పడింది మాత్రం ‘మూడేళ్ళు దాదాపు పనే చెయ్యలేదు’ అని. తను మాటను ఊరికే పెట్టలేదు, ‘క్విక్’ పక్కన ‘-లీ’ చేరితే ‘క్విక్లీ’ అయినప్పుడు ‘హార్డ్’ ఎందుకు కాదనుకుంది. తర్కం సరైనదే. కానీ ‘హార్డ్’ ఆ ‘-లీ’ అక్కరలేకుండానే క్రియావిశేషణం. పాత ఇంగ్లిషులో ఇలాంటి వాటికి చివర ‘ఎ’ కారం లాంటి చిన్న ప్రత్యయం ఉండేది, కాలక్రమంలో అది ఊడిపోయింది. విశేషణమూ క్రియావిశేషణమూ ఒకే రూపానికి వచ్చేశాయి. ‘ఫాస్ట్’ సంగతీ ఇంతే. ‘హార్డ్లీ’ విడిగా బతికి, ‘అంతంత మాత్రం’ అనే అర్థంలో స్థిరపడింది. ‘లేట్’, ‘లేట్లీ’ కూడా ఇలాగే విడిపోయాయి, రెండోదానికి అర్థం ‘ఈమధ్య’. ఆ అమ్మాయికి సూత్రం నేర్పితే లాభం లేదనిపించి, ‘వర్క్ హార్డ్’ అన్నది ఒకే మాటగా పదిసార్లు పలికించాను. తర్వాత మళ్ళీ తప్పు రాలేదు.

ఇక మూడో దారి. ‘స్పీక్ సాఫ్ట్లీ’ బదులు ‘విస్పర్’, ‘వాక్ స్లోలీ’ బదులు ‘స్ట్రోల్’ వాడమని రాత నేర్పేవాళ్ళు చెబుతుంటారు. కథ రాసేవాళ్ళకు మంచి సలహానే. నేర్చుకునేవాళ్ళకు ఇది చివరి దారి కావాలి. ‘స్ట్రోల్’ అంటే నెమ్మదిగా నడవడమొక్కటే కాదు, తీరుబడిగా షికారు చెయ్యడం. కాలు విరిగి కోలుకుంటున్న మనిషి ‘వాక్స్ స్లోలీ’, అతను ‘స్ట్రోల్స్’ కాదు. బలమైన క్రియ తన సొంత కథను వెంటబెట్టుకొస్తుంది, అది మనం చెప్పదలుచుకున్న కథేనా అన్నది ముందు తెలియాలి.

కాబట్టి నా ఓటు జతలకే, మాట తడుముకునే వేళకు ‘రియల్లీ’ని దగ్గర ఉంచుకుని. అయితే నోట్సు ఎలా రాసుకుంటారన్నది ముఖ్యం. క్రియావిశేషణాల జాబితా రాసి పక్కన అర్థాలు పెట్టుకుంటే మళ్ళీ ‘స్ట్రాంగ్లీ’ వర్షమే కురుస్తుంది. పేజీకి పైన క్రియ రాయండి. ‘రిమెంబర్’ అని రాస్తే దాని కింద కళ్ళకు కట్టినట్టు గుర్తుంటే ‘వివిడ్లీ’, మసకమసకగా గుర్తుంటే ‘వేగ్లీ’. ‘రెఫ్యూజ్’ కింద ‘ఫ్లాట్లీ’, అంటే ముఖం మీదే కాదనడం. ‘స్లీప్’ కింద ‘సౌండ్లీ’. ‘రిగ్రెట్’ కింద ‘డీప్లీ’. ఒక్కో క్రియకు రెండు చాలు, మాట్లాడేటప్పటికి ఒకటి, రాసేటప్పటికి ఒకటి. ‘అగ్రీ’ కింద అయితే స్నేహితులతో ‘టోటల్లీ’, ఆఫీసు ఉత్తరంలో ‘ఫుల్లీ’.