భిన్నాల పట్టీల సెట్: ట్యూషన్‌లో బాగా పనికొచ్చే 51 ముక్కలు

లెక్కల ట్యూషన్ చెప్పేవాళ్లు ఎక్కువగా వాడే ఈ సెట్‌లో 51 ముక్కలుంటాయి: పూర్తి పట్టీ ఒకటి, అదే పొడవును 2, 3, 4, 5, 6, 8, 10, 12 సమభాగాలు చేసిన ముక్కలు. దీని విలువ కూడికల దగ్గర తెలుస్తుంది. 1/2 + 1/3 అనగానే చాలామంది పిల్లలు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2/5 అనేస్తారు. తప్పని వెంటనే కొట్టేయకండి. సగం ముక్క పక్కన మూడోవంతు పెట్టించి, కింద ఐదోవంతువి రెండు పేర్చమనండి. ఆ రెండూ కలిసినా సగం ముక్కంత కూడా రావు! అప్పుడు ఆరోవంతు ముక్కలివ్వండి. సగానికి మూడు, మూడోవంతుకు రెండు సరిపోతాయి. 5/6 అని వాళ్లే చెప్తారు, అదీ సంబరంగా. ఉమ్మడి హారం ఎందుకో అక్కడే అర్థమైపోతుంది.

లోపాలూ ఉన్నాయి. 20వ వంతు ముక్కలు లేవు కాబట్టి 1/4 + 1/5 దీంతో కుదరదు. లెక్కలు ముందే చూసుకుని ఇవ్వాలి. 5/4ను నాలుగోవంతు ముక్కలతోనే చూపాలంటే రెండో సెట్ కావాలి. పైన అంకెలు అచ్చు వేసి ఉంటే పిల్లలు పొడవు చూడకుండా అవే చదివేస్తారు. మొదట్లో బోర్లించి వాడించండి. పన్నెండోవంతు ముక్కలు మరీ సన్నం, ఊరికే జరిగిపోతాయి. అయస్కాంతం ఉన్న రకమే తీసుకోండి.