పంపు సక్షన్ పైపులో గాలి: టేపా, పేస్టా, యూనియనా?

అక్వేరియానికి సంప్ (నీటిని వడకట్టే రెండో తొట్టి), బయటి పంపు పెట్టుకున్నవాళ్లు పదేపదే అడిగేది ఇదే. చేపల తొట్టిలోకి సన్నటి బుడగలు వస్తున్నాయి, ఎక్కడా చుక్క నీరు కారడం లేదు, జాయింటుకు ఏం వాడాలి?

చుక్క కారకపోవడమే గుర్తు. పంపు పీల్చే వైపు పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గితే, సందులోంచి నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఆ గాలి పంపులో నలిగి, ఒత్తిడికి నీటిలో అతిగా కరిగితే చేపల రెక్కల్లో, కళ్లలో బుడగలు కడతాయి. కాబట్టి దీన్ని తేలిగ్గా వదిలేయకూడదు. ముందు సంప్‌లో నీటి మట్టం చూడండి. మట్టం తగ్గి పైపు మూతి దగ్గర సుడి తిరుగుతున్నా ఇవే బుడగలు వస్తాయి. మట్టం బాగుంటే, పంపు నడుస్తుండగానే ఒక్కో జాయింటుకు వంటింటి ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించి చుట్టండి. ఎక్కడ చుట్టాక బుడగలు ఆగాయో లోపం అక్కడే. సబ్బు నురగతో మాత్రం వెతక్కండి, అది నేరుగా చేపల నీళ్లలోకి వెళ్తుంది.

టెఫ్లాన్ టేపు చవక, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. మొదటి మర వదిలేసి, బిగించే దిశలోనే 3-4 చుట్లు చుట్టాలి. చేత్తో బిగిశాక పానాతో ఇంకో చుట్టు, మహా అయితే చుట్టున్నర. అంతకు మించితే పంపు ప్లాస్టిక్ మూతి చీలుతుంది. నా దృష్టిలో తేల్చే విషయం వేరే ఉంది. ఎల్బో (వంపు ముక్క) ముఖం కావలసిన వైపుకు రాలేదని పావు చుట్టు వెనక్కి తిప్పారా, టేపు సీల్ పోయినట్టే. నీటికి ఆగే జాయింటు కూడా గాలికి ఆగదు.

అందుకే పంపు మూతి దగ్గర నేను పేస్టు (మరలకు పూసే సీలింగ్ ముద్ద) వైపే మొగ్గుతాను. గట్టిపడని రకం మరల మధ్య నిండి ఉంటుంది, కాస్త వెనక్కి తిప్పినా, పంపు అదిరినా పట్టు వదలదు. ప్లాస్టిక్‌కు, తాగునీటికి పనికొస్తుందని డబ్బా మీద ఉండాలి. పెట్రోలియం కలిసినవి ఏబీఎస్ ప్లాస్టిక్‌ను పగలగొడతాయి. ఇనుప పైపులకు వాడే జనపనార, రంగు పేస్టు తొట్టి దరికి రానివ్వకండి.

అమెరికా పంపు అయితే మర కూడా సరిచూడండి. అక్కడిది ఎన్‌పీటీ అనే మర ప్రమాణం, మన దగ్గర దొరికేవి బీఎస్‌పీ ప్రమాణం. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి ఒకదాంట్లో ఒకటి ఎక్కుతాయి. కానీ మర కోణం ఒకదానికి 60, ఇంకోదానికి 55 డిగ్రీలు. అక్కడ టేపు, పేస్టు రెండూ నమ్మకం కావు, సరైన అడాప్టరే తెచ్చుకోవాలి.

శుభ్రం చేయడానికి విప్పే చోట యూనియన్‌కు (పెద్ద నట్టుతో రెండు పైపులను కలిపే, విప్పదగ్గ జాయింటు) సాటి లేదు. దాని మరలు నొక్కడానికే, సీల్ చేసేది ఓ-రింగు అనే గుండ్రటి రబ్బరు. ఆ మరలకు టేపు చుడితే నట్టు పూర్తిగా దిగదు, రింగు నలగదు, గాలి మళ్లీ వస్తుంది. రింగు, గాడి తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి చేత్తో బిగిస్తే చాలు. వాజెలిన్ వద్దు, చాలా రకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది.

విప్పే పని లేని చోట సొల్యూషన్ (పీవీసీ పైపుల జిగురు) జాయింటే. గాలి పీలుస్తున్న పాత జాయింటు మీద పైపైన పూస్తే ఫలితం ఉండదు, కోసి కొత్త కప్లర్ వేయాలి. సిలికాన్, ఎపాక్సీ ముద్ద సామాను తెచ్చేదాకా ఆపడానికే.

కొత్తగా బిగించేవాళ్లు ఈ వరుస పాటించండి: పంపు మూతికి పేస్టుతో ఎంటీఏ (బయటి మరలున్న అడాప్టర్), దాని వెంటనే యూనియన్, తర్వాత బాల్ వాల్వు, అక్కడి నుంచి సంప్ దాకా సొల్యూషన్ జాయింట్లు. అప్పుడు పీల్చే పైపులో సీల్ కోసం మరల మీద ఆధారపడే జాయింటు ఒక్కటే మిగులుతుంది. వాల్వు మూస్తే సంప్ ఖాళీ చేయకుండానే పంపు బయటికి వస్తుంది. సొల్యూషన్ అంటించాక 24 గంటలు ఆగి నీళ్లు వదలండి.