ఊరికి వెబ్‌లో పేరు పెట్టాలంటే ఏది మేలు?

పర్లాకిమిడిలో "ఉదయగిరి బండి ఎన్నింటికి?" అని అడిగితే "ఏ ఉదయగిరి?" అని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఇక్కడివాళ్లకి ఉదయగిరి అంటే ఆర్. ఉదయగిరి, రామగిరి ఉదయగిరి. కంధమాల్ వాళ్లకి అది జి. ఉదయగిరి, ఘుముసర ఉదయగిరి. భువనేశ్వర్‌లో ఆ పేరు చెబితే గుహలున్న కొండకి దారి చూపిస్తారు. నెల్లూరు చుట్టాలకైతే కోట గుర్తొస్తుంది. ఊరి పేరు ముందు ఆ ఒక్క అక్షరం చేసేది మన ఇళ్లల్లో ఇంటిపేరు చేసే పనే. ముగ్గురు అప్పారావులున్న వీధిలో ఇంటిపేరు రాయకపోతే ఉత్తరం ఎవరికో చేరుతుంది.

వెబ్‌లో ఆ ఇంటిపేరు పని యూఆర్ఐ, అంటే వెబ్ చిరునామా, చేస్తుంది. పేజీలకే కాదు, ఊళ్లకీ, చెరువులకీ, మనుషులకీ, నిజంగా నేల మీదున్న దేనికైనా వెబ్ చిరునామానే పేరుగా వాడొచ్చన్నది 2006లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ రాసిపెట్టిన లింక్డ్ డేటా (వెబ్‌లో వివరాలని ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతి) సూత్రాల్లో మొదటిది. ఆ పేరు హెచ్‌టీటీపీతో మొదలవ్వాలి, దాన్ని తెరిచినవాళ్లకి పనికొచ్చే వివరం దొరకాలి, ఆ వివరంలోంచి వేరేచోట్లకి లంకెలుండాలి. ఇవి మిగతా మూడు. వినడానికి తేలికే. చెయ్యబోతే అడుగడుగునా "ఇలాగా, అలాగా?" అని ఆగాల్సి వస్తుంది. నేను ఆగిన చోట్ల గురించే ఇది.

మా తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఒక పొడుగు నోటుపుస్తకం నాకిచ్చారు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఊళ్లు, రెండు వందల పైచిలుకు. ఒక్కో వరసలో మనం ఇంట్లో పిలిచే పేరు, ఒడియా రికార్డులో పేరు, ఇంగ్లీషు కాయితాల్లో కనిపించే స్పెల్లింగులు. దాన్ని వెబ్‌లో పెట్టాలి, ఒక్కో ఊరికీ బడినీ చెరువునీ ముడివెయ్యాలి అన్నది మా కోరిక.

మొదట తోచేది ఊరి పేరునే చిరునామాలో పెట్టడం. చూడగానే తెలుస్తుంది, చదువుకోవచ్చు. తెలుగు లిపిలో చిరునామా రాసుకోవడానికి 2005 నుంచీ ప్రమాణం కూడా ఉంది. కానీ లోపల జరిగేది వేరు. తెలుగు గుర్తు ఒక్కోటీ కంప్యూటర్లో మూడు బైట్లు. సర్వరుకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తూ, రెండు అక్షరాలూ అవుతుంది. "బ" ఒక్కటీ శాతం ఈ0, శాతం బీ0, శాతం ఏసీ అని తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. ఆ లెక్కన బరంపురం 63 అక్షరాలు. పర్లాకిమిడిలో వత్తులూ గుడులూ కలిపితే పదకొండు గుర్తులు, అంటే 99 అక్షరాలు. వాట్సాప్‌లో అతికించి చూడండి, ఊరి పేరు స్థానంలో ఒక పేరాగ్రాఫు దిగుతుంది.

అదైనా సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఏ పేరు పెట్టాలన్నది. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియాలో పారళాఖెముండి, పాత ఇంగ్లీషు కాయితాల్లో పర్లాకిమెడి. చిరునామాలో ఒకటి ఎక్కిస్తే మిగతావి తప్పు పేర్లన్నట్టు అవుతుంది. ఒడియావాళ్లతో కలిసి బతికే మాకు అది చిన్న విషయం కాదు. పేర్లు నిలకడగా ఉండవు కూడా. 2011లో ఒరిస్సా ఒడిశా అయింది. పేరుని చిరునామాలో పొదిగినవాళ్లు మార్చాలా వద్దా అని తలపట్టుకోవాల్సిందే. వికీడేటాలో, అంటే జనం కలిసి నింపే ఉమ్మడి డేటా పట్టికలో, ఆ రాష్ట్రం గుర్తు క్యూ22048. పేరు ఏదైనా ఆ అంకె కదలదు. దాని కింద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పేర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు.

పేరొక్కటే చాలదని కొందరు రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు అని మెట్లు కట్టి చిరునామా తయారుచేస్తారు. పోస్టు కవరు మీద రాసినట్టు ఉంటుంది గనక చాలా పద్ధతిగా కనిపిస్తుంది. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, కారణం కొటియా.

కొరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గర, సాలూరు కొండల మీద ఉన్న ఆ 21 గ్రామాలు మావంటే మావని ఒడిశా, ఆంధ్రా రెండూ అంటున్నాయి. వివాదం 1968 నుంచీ సుప్రీంకోర్టు మెట్లెక్కుతూనే ఉంది. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు సాలూరు మండలంలో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు అని రాసుకున్న ఊళ్లని ఒడిశా గంజెయిపదర్, ఫతుసెనెరి అంది. ఊరు అదే, ఇళ్లు అవే. మెట్ల చిరునామా రాయాలంటే మొదటి మెట్టు దగ్గరే నేను తీర్పు చెప్పాలి, ఒడిశా అనో ఆంధ్రా అనో. సుప్రీంకోర్టు తేల్చనిది నేను ఫోల్డరు పేరులో తేల్చడమేంటి? పోనీ ఆంధ్రా అనే రాశామనుకుందాం. 2021లో సాలూరు విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఏడాది తిరిగిన కొద్ది నెలలకే చిరునామా చెడేది. ఇటువైపూ అంతే, గజపతి జిల్లా 1992లోనే గంజాం నుంచి విడిపోయింది.

కాబట్టి అర్థం లేని అంకె మేలు. ఊరికి 41 అని పెట్టు. అది ఒడిశాలో ఉందని ఒడిశా రికార్డు అంటోంది, ఆంధ్రాలో ఉందని ఆంధ్రా రికార్డు అంటోంది అని రెండు వాక్యాలు విడిగా రాయి. ఎవరు అన్నారో కూడా రాయి. పేరు వేరు, పేరు మీద చెప్పే మాట వేరు. లింక్డ్ డేటాలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. అభిప్రాయభేదం ఉన్నా ఊరికి గుర్తు ఉంటుంది.

మాస్టారు మొదట ఒప్పుకోలేదు.

"ఊరిని నెంబరుతో పిలవడమేంట్రా, ఖైదీలా?"

"నెంబరు యంత్రానికండి మాస్టారూ. మనిషికి కనిపించేది మీరు రాసిన పేరే."

"ఏదీ, చూపించు."

చూపించాను. 41 తెరవగానే పెద్దక్షరాల్లో ఆయన రాసిన పేరే పైన ఉంది. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "సరే, పేరు పైనే ఉంచు" అన్నారు.

ఇక ఇంతకంటే లోతైన చిక్కు. చిరునామా పేజీదా, ఊరిదా? మొదట్లో నేను ఈ తేడా పట్టించుకోలేదు. పేజీ చిరునామానే ఊరి గుర్తుగా వాడేశాను. పేజీ వివరాల్లో "తయారైంది: 2019", "రాసినవారు" అని నా పేరు ఉన్నాయి. ఒక మిత్రుడు ఆ డేటాని వేరే పట్టికతో కలిపితే ఊరు 2019లో పుట్టినట్టు, దాన్ని నేనే నిర్మించినట్టు వచ్చింది. యంత్రం తప్పేమీ చెయ్యలేదు. ఒకే పేరు మీద పేజీ మాటలూ ఊరి మాటలూ నేనే కలిపేశాను. తరాల నాటి ఊరికి నా పేజీ పుట్టిన తేదీ అంటగట్టినందుకు ఆ రోజు నాకు చాలా బాధ వేసింది.

ఈ పేచీ పెద్దవాళ్ల మధ్యా ఏళ్ల తరబడి నడిచింది. 2005 జూన్‌లో వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ సాంకేతిక బృందం ఒక దారి చెప్పింది. చిరునామా అడిగితే సర్వరు 200 అని నేరుగా జవాబిస్తే అది పత్రం. ఊరిలాంటి దాన్ని అడిగితే 303 అని చెప్పి, "నువ్వడిగింది ఊరు, ఊరిని పంపలేను, దాని గురించి రాసింది ఫలానా చోట ఉంది, అక్కడ చూడు" అని వేరే చిరునామాకి తిప్పాలి. వికీపీడియా నుంచి తీసిన డేటా పట్టిక డీబీపీడియా ఇలాగే చేస్తుంది, ఊరికి ఒక చిరునామా, దాని పేజీకి ఇంకొకటి. రెండో దారి హ్యాష్ గుర్తు. పేజీ చిరునామా చివర # పెట్టి ఒక మాట తగిలిస్తే, # వరకు ఉన్నది పేజీ, మొత్తం కలిపితే ఊరు. బ్రౌజరు # తర్వాతి ముక్కని సర్వరుకి పంపదు, పేజీని మాత్రమే తెస్తుంది. కాబట్టి పేజీకీ ఊరికీ గొడవే రాదు.

రెంటిలో ఏది మేలు?

303కి సర్వరు మన చేతిలో ఉండాలి. ఫైళ్లు పెట్టుకోనిచ్చే మామూలు ఉచిత హోస్టింగులో 303 ఇప్పించడం చాలాచోట్ల కుదరదు. ప్రతి ఊరికీ రెండు రాకపోకలు, మా కొండ ఊళ్లలో సిగ్నలు ఉండే తీరుకి రెండోది తెలుస్తుంది. దాని లాభం పెద్ద పట్టికల్లో. లక్షల వస్తువులున్నా ఒక్కోదాన్నీ విడిగా అడగొచ్చు, మనిషికి పేజీ, ప్రోగ్రాముకి డేటా పంపొచ్చు. హ్యాష్‌కి సర్వరు పనేమీ లేదు. కానీ అన్ని ఊళ్లూ ఒకే ఫైలులో పెట్టి చివర #41, #42 అంటే, ఒక్క ఊరు కావాలన్నా ఫైలంతా దింపుకోవాలి. రెండు వందల ఊళ్లకి అది భారం కాదు, యాభై వేలకి భారమే.

అందుకే నేను ఎంచుకున్నది మధ్యది. ఊరికో చిన్న ఫైలు, ప్రతి ఫైలు చివరా ఒకే ముక్క, #ఊరు. 41 పేజీ, 41#ఊరు అంటే ఊరు. "రాసినవారు" అన్నది పేజీ మీద, "చెరువు ఉంది" అన్నది ఊరి మీద. మాలాంటి చిన్న పట్టికలకి దీన్ని మించింది నాకు కనపడలేదు. ఒక లోపం మాత్రం ఉంది. పేజీని నేరుగా తెరిచినవాళ్లు పైన అడ్రస్ బార్‌లో కనిపించింది కాపీ చేస్తారు, అందులో #ఊరు ముక్క ఉండదు. 303లోనూ ఇదే జబ్బు, దారి మళ్లాక పైన కనిపించేది పేజీ చిరునామాయే. అందుకని ప్రతి పేజీలో "ఈ ఊరి గుర్తు ఇది, కాపీ చేసుకోండి" అని ఒక వాక్యం రాశాను.

ఇంత చేసేకంటే వికీడేటా గుర్తునే వాడుకోవచ్చు కదా? వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా. 2012 అక్టోబరులో మొదలైంది, ఎవరైనా దిద్దొచ్చు, డేటాకి హక్కుల బంధనం లేదు, తెలుగు పేరు లేకపోతే మనమే చేర్చొచ్చు. పట్టణాలకీ జిల్లాలకీ కొత్త గుర్తు పుట్టించడం అనవసరం. చిన్న ఊళ్ల దగ్గరే జాగ్రత్త. జియోనేమ్స్ లాంటి ఊరి పేర్ల పట్టికల నుంచి బాట్లు (వాటంతట అవే పనిచేసే ప్రోగ్రాములు) గుత్తగా తెచ్చిపోసిన ఊళ్లు ఉన్నాయి గనక ఒకే ఊరికి రెండు క్యూ గుర్తులు కనిపించవచ్చు. కలిపేస్తే ఒకటి రెండోదానికి దారి చూపిస్తుంది, అదీ మంచిదే. ఇంకో మెలిక. వికీడేటాలో ఊరి అసలు గుర్తులో మధ్యన "ఎంటిటీ" అని ఉంటుంది, మనకి కనిపించే పేజీలో "వికీ" అని. గుర్తు "హెచ్‌టీటీపీ"తో మొదలవుతుంది, చివర ఎస్ ఉండదు. ప్రోగ్రాము అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. ఒక ఎస్ ఎక్కువైతే దాని దృష్టిలో అది వేరే ఊరే.

నా 41కీ వికీడేటా క్యూ గుర్తుకీ ముడి వేసేటప్పుడు చాలామంది "సేమ్‌యాజ్" అనేస్తారు. ఆ మాట బరువు తెలియాలి. రెండూ ఒకటే అంటే, ఒకదాని మీద చెప్పిన ప్రతి మాటా రెండోదానికీ వర్తిస్తుంది. రాయగడనే తీసుకోండి. రాయగడ జిల్లా ఉంది, ఆ జిల్లాలోనే రాయగడ పట్టణం ఉంది, మళ్లీ మా గజపతి జిల్లాలో రాయగడ అని ఒక బ్లాకు ఉంది. బ్లాకుని పట్టణంతో సేమ్‌యాజ్ అంటే పట్టణం జనాభా బ్లాకుకి అంటుకుంటుంది, బ్లాకు పటం మీద రైల్వేస్టేషను మొలుస్తుంది. గంజాం కూడా అంతే, ఋషికుల్య ఒడ్డున చిన్న ఊరూ అదే పేరు, జిల్లా అంతా అదే పేరు, జిల్లా కేంద్రమేమో ఛత్రపురం. నిర్ధారణగా తెలిసినప్పుడే సేమ్‌యాజ్, లేకపోతే "క్లోజ్‌మ్యాచ్", అంటే దగ్గరగా ఉంది అని. నేను మూడొంతులు క్లోజ్‌మ్యాచే పెట్టాను. మాస్టారు స్వయంగా చూసొచ్చిన ఊళ్లకే సేమ్‌యాజ్.

చివరిగా, ఇదంతా ఎవరి నేల మీద కట్టాలి? మా మొదటి పట్టిక ఒక సంస్థ ఉచితంగా ఇచ్చిన చిరునామా కింద ఉండేది. ఆ సేవ ఆపేశారు, ఒక్క రాత్రిలో గుర్తులన్నీ పోయాయి. ఊరి గుర్తు సంస్థ పేరుతో ముడిపడకూడదు. సొంత డొమైన్ కొంటే ఏటా డబ్బు కట్టేవాళ్లు ఉండాలి. డబ్ల్యూ3ఐడీ లాంటి ఉమ్మడి చిరునామా తీసుకుంటే, వెనక ఫైళ్లు ఎక్కడికి మారినా ముందు గుర్తు మారదు. ఇలాంటి పనే చేసే పర్ల్ అనే సేవని 1995లో గ్రంథాలయాల సంస్థ ఓసీఎల్‌సీ మొదలుపెట్టింది, 2016 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ చూసుకుంటోంది. యజమాని మారినా పాత గుర్తులకి దారి ఉంది. నేను ఉమ్మడి చిరునామానే తీసుకున్నాను.

మొన్న మాస్టారు నోటుపుస్తకంలో ఇంకో వరస కలిపి పంపారు. ఏ రికార్డులోనూ విడిగా లేని చిన్న పేట, పది పదిహేను ఇళ్లు, తెలుగు పేరు ఒక్కటే ఉంది. వికీడేటాలో వెతికితే లేదు. దానికి 218 ఇచ్చాను, పక్క ఊరి గుర్తుతో ముడివేశాను, ఒడియా పేరు గడి ఖాళీగా ఉంచాను.