డెల్టా తేమలో ఏడేళ్లు నడిచిన ల్యాప్‌టాప్: బాగుచేయించాలా, మార్చేయాలా?

2018 చివర్లో కొన్న 15.6 అంగుళాల మధ్యరకం ల్యాప్‌టాప్ గురించిన సమీక్ష ఇది. ఇంటెల్ 8వ తరం ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ప్లాస్టిక్ బాడీ. వాడకమంతా భీమవరం, నరసాపురం మధ్యనే. చెరువుల మేత లెక్కలు, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, పిల్లల క్లాసులు. కంపెనీ పేరు రాయడం లేదు. అప్పట్లో ఆ ధరకు వచ్చినవాటిలో చాలావాటి లోపలి అమరిక ఇలాగే ఉంటుంది, పాడయ్యే వరుసా ఇంచుమించు ఇదే.

ఇన్నేళ్లలో తేలిందొకటే. వయసు పక్కన పెట్టి ముందు మదర్‌బోర్డు చూడాలి. బోర్డు శుభ్రంగా ఉంటే మిగతా ఏది పోయినా మార్చుకోవచ్చు. బోర్డుకి చిలుము పట్టిందంటే పెట్టిన డబ్బు గోదాట్లో పోసినట్టే.

ముందుగా కనిపించేది నెమ్మదితనం. విండోస్ తెరుచుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడితే యంత్రం ముసలిదైపోయిందని వదిలేస్తారు. టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే, తప్పు చాలావరకు ఆ నెమ్మదిగా తిరిగే 5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్‌దే. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో రీఅలకేటెడ్ (పాడై పక్కన పెట్టిన), పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉన్న) సెక్టార్ల వరుసలు చూడాలి. పెండింగ్ వరుస రా వాల్యూ గడిలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ రోజే డేటా కాపీ తీసుకోవాలి. చెడిపోతున్న డిస్క్‌ని మొత్తంగా క్లోన్ (ఉన్నదున్నట్టు మరో డిస్క్‌లోకి కాపీ) చేయించకండి. పాడైన సెక్టార్ల దగ్గర గంటలకొద్దీ గీరుకుని మధ్యలోనే చచ్చిపోతుంది. ముఖ్యమైన ఫోల్డర్లు ముందు తీసి, కొత్త ఎస్‌ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) విండోస్ తాజాగా వేయించడమే మేలు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ చోటనే కూర్చుంటుంది. ఎం.2 స్లాట్ (సన్నటి కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) ఉంటే మాత్రం అది సాటాదా, ఎన్‌వీఎంఈదా (రెండూ వేర్వేరు కనెక్షన్ రకాలు) అని మోడల్ మాన్యువల్‌లో చూసుకున్నాకే కొనాలి. కొన్ని స్లాట్లలో రెండూ దూరతాయి, ఒకటే పనిచేస్తుంది. ఈ ఒక్క మార్పుతో మా యంత్రం అర నిమిషంలోపే తెరుచుకుంటోంది. ఏడేళ్లలో పెట్టిన ఖర్చులన్నిటిలో ఇదే బంగారం.

ర్యామ్ సంగతి వేరు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ట్యాలీకీ, బ్రౌజర్‌కీ 8 జీబీ సరిపోతుంది. ఇంకా కావాలంటే పాత యంత్రంలోంచి తీసిన డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్ వేసుకోవచ్చు, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ ఒక రాత్రంతా నడిపి చూశాక.

తర్వాత వేడి. రైసుమిల్లు దగ్గర ఉన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. తవుడు దుమ్ముకి తేమ తోడై ఫ్యాన్‌కీ, రాగి రెక్కల హీట్‌సింక్‌కీ మధ్య పిండిరొట్టెలా అట్టకడుతుంది. బయటినుంచి బ్లోయర్ కొడితే అది కదలదు. వెనక మూత తీసి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ విప్పి ఆ అట్టని బ్రష్‌తో తీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ (వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే ముద్ద) తుడిచి, శనగగింజలో సగమంత కొత్తది చాలు. హీట్‌సింక్ స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని అంకెలుంటాయి, ఆ వరుసలోనే బిగించాలి.

టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిపడిందా? దాని కింద బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించండి. రోజంతా ప్లగ్‌లోనే 100 శాతం మీద, ఎండాకాలం గదిలో ఉంచితే జరిగేది అదే. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఒక్క రోజు కూడా ఛార్జ్ చేయకూడదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది పార్ట్ నంబరు, వోల్టేజీ రెండూ కలవాలి. బిగించాక విండోస్‌లోని పవర్‌సీఎఫ్‌జీ (powercfg /batteryreport) కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పోల్చండి. కొత్తదని ఇచ్చినదాంట్లో రెండో అంకె బాగా తక్కువగా ఉంటే అది చాలావరకు ఏళ్లతరబడి అలమరాలో పడి ఉన్న సరుకు, వెనక్కి ఇచ్చేయండి. బయోస్‌లోనో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) కంపెనీ యాప్‌లోనో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉంటే మొదటి రోజే పెట్టేయాలి.

హింజ్ (మూతని బాడీకి కలిపే కీలు) విషయంలో ఆలస్యమే నష్టం. మూత ఎత్తేటప్పుడు మూలన సందు కనిపిస్తే అక్కడితో ఆపాలి. హింజ్ స్క్రూలు బిగేందుకు ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి గుబ్బలు ఊడుతున్నాయన్నమాట. హింజ్ నట్టు కొంచెం వదులు చేసి, గుబ్బల్ని రెండు ట్యూబుల ఎపాక్సీతో అతికించి 24 గంటలు కదపకుండా వదిలేస్తే చాలా కాలం నిలుస్తుంది. అలాగే వాడుతూ పోతే డిస్‌ప్లే కేబుల్ కోసుకుపోతుంది. మూత కదిపినప్పుడల్లా తెర మిణుకుమంటూ, హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే బొమ్మ నిలకడగా ఉంటే, పోయింది చాలాసార్లు కేబులే. అది చూడకుండా స్క్రీన్ మార్పించుకోకండి.

ఇక బోర్డు. సముద్రానికి దగ్గరైన అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి చేసే పని నెమ్మదిగా ఉంటుంది. మూత తీసి టార్చి వేసి ర్యామ్ స్లాట్ పిన్నులు, ఛార్జింగ్ జాక్, కీబోర్డు రిబ్బన్ కనెక్టర్, యూఎస్‌బీ పోర్టుల అంచులు చూడండి. పచ్చటి పొడి పైపైన ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో పోతుంది. చిప్పుల కాళ్ల కిందికి పాకితే ఇవాళ ఛార్జింగ్, రేపు కీబోర్డు, ఎల్లుండి వైఫై అన్నట్టు వరసపెట్టి పోతాయి. అక్కడ ఆపేయండి. వాడని యంత్రానికే చిలుము త్వరగా పడుతుంది. వర్షాకాలంలో బ్యాగులో మూసిపెట్టకుండా వారానికి రెండుసార్లు గంటసేపు నడిపితే ఆ వేడికి తేమ ఆరుతుంది.

నీళ్లో టీయో ఒలికినా, వరద నీరు తగిలినా ఆన్ చేసి చూడొద్దు. అప్పటిదాకా బతికున్న బోర్డు ఆ ఒక్క నొక్కుతో కాలుతుంది. బియ్యం డబ్బాలో పెడితే బోర్డు మీది బురదా, చక్కెరా ఎక్కడివక్కడే ఉంటాయి, పైగా పోర్టుల్లో నూక చేరుతుంది. బ్యాటరీ కనెక్టర్ తీసి, పైన చెప్పిన ఆల్కహాల్‌తోనే కడిగించి ఆరబెట్టాలి.

బోర్డు రిపేరుకి ఇచ్చేముందు ఏం పోయిందో అడగండి. ఛార్జింగ్ ఐసీ, మాస్‌ఫెట్, 3 వోల్టులు, 5 వోల్టుల సెక్షన్ (బోర్డుకి కరెంటు అందించే చిన్న భాగాలు) అంటే చేయించవచ్చు. చిప్పుల్ని వేడిచేసి "లేపుతాం" అంటే వద్దనండి, అది ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. 8250యూలో ప్రాసెసరూ చిప్‌సెట్టూ ఒకే ప్యాకేజీగా బోర్డుకి సోల్డర్ అయి ఉంటాయి, అది పోతే బోర్డే మార్చాలి. ఏడేళ్ల యంత్రానికి అది దండగ.

ప్రాసెసర్ తరం కూడా చూసుకోవాలి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరం నుంచే అధికారికంగా పడుతుంది, కాబట్టి మాది గట్టెక్కింది. టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయం) లేదని చూపిస్తే కంగారుపడకండి, బయోస్‌లో పీటీటీ (ఇంటెల్ ఇచ్చే టీపీఎం) ఆన్ చేస్తే వస్తుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే బయోస్ ముట్టుకోకముందే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. 7వ తరం, అంతకు ముందువాటి మీద ఇప్పుడు పెద్ద ఖర్చు పెట్టను. లినక్స్‌తో సరిపెట్టుకోగలిగితే అది వేరే మాట.

ఖర్చు లెక్క ఇలా వేస్తాను. మూడేళ్లకు పైగా వాడి, వారంటీ ముగిసిన ఆఫీసు తరగతి యంత్రం, 10వ లేదా 11వ తరంది, రిఫర్బిష్డ్‌గా (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) ఎంతకు దొరుకుతుందో కనుక్కుంటాను. మొత్తం రిపేరు అందులో మూడో వంతు లోపు ఉంటే చేయిస్తాను. సగం దాటితే ఆ యంత్రమే కొంటాను. కొనేచోట బ్యాటరీ రిపోర్ట్ తీయించి, బయోస్‌కి పాస్‌వర్డ్ లేదని చూసి, వారంటీ బిల్లు మీద రాయించుకోవాలి. పాతదాన్ని ఇచ్చేసేముందు ఎస్‌ఎస్‌డీ తీసి యూఎస్‌బీ కేస్‌లో వేసుకుంటే పాత లెక్కలన్నీ చేతిలోనే ఉంటాయి.