పోచంపల్లిలో మగ్గం కంటే ముందు ఆసు చూడాలి

నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత నేసే ఇక్కత్ బట్టలకు పేరున్న ఊరు భూదాన్ పోచంపల్లి. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక, కొత్తగూడెం క్రాస్‌రోడ్డు దగ్గర ఎడమకు తిరగాలి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. కానీ చుట్టుపక్కల ఊళ్లు కూడా చూడాలంటే సొంత బండో, రోజంతటికీ మాట్లాడుకున్న కారో ఉంటేనే కుదురుతుంది.

చాలామంది మెయిన్ రోడ్డు మీది షాపుల్లో చీరలు చూసి, ఒక మగ్గం దగ్గర ఫొటో దిగి వెనక్కి వెళ్లిపోతారు. అసలు పనంతా మగ్గం ఎక్కకముందే అయిపోతుంది, వాళ్లకు అదే కనబడదు. ఆదివారం వద్దు, మామూలు రోజున ఉదయం పదింటికల్లా వీధుల్లోకి వెళ్లండి. మధ్యాహ్నం భోజనాల వేళ పని ఆగుతుంది. వానాకాలంలో రంగు వేసిన నూలు త్వరగా ఆరదు, మగ్గం గుంటల్లో చెమ్మ చేరుతుంది. అప్పుడు వెళ్తే సగం పనులు చూడలేరు.

ముందు ఆసు పోసే, అంటే రంగులకు ముందు నూలును మేకుల చట్రం మీద పోసి సిద్ధం చేసే ఇల్లు అడగండి. చెక్క చట్రానికి ఒక చివర ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పేక (అడ్డపోగు) నూలును ఈ చివరి నుంచి ఆ చివరికి చేత్తో పోస్తూనే ఉండాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది, నాలుగైదు గంటలు పడుతుంది. ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని ఇది, భుజాలు పోతాయి. తల్లి పడ్డ ఈ బాధ చూసే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద అదే పని గంటన్నరలో అయిపోతుంది. చేతి ఆసు, యంత్రం రెండూ చూడగలిగితే తేడా మాటల్లో చెప్పనక్కర్లేదు.

తర్వాత చిటికి కట్టడం. గ్రాఫ్ కాగితం మీది డిజైన్ ప్రకారం నూలు మీద గుర్తులు పెడతారు, రంగు అంటకూడని చోట సన్నగా కోసిన రబ్బరు ముక్కలు బిగించి చుడతారు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ప్రతి రంగుకూ కొన్ని ముడులు విప్పాలి, కొన్ని కొత్తగా కట్టాలి. కట్టు వదులైతే లోపలికి రంగు పారి మచ్చ పడుతుంది. విప్పేటప్పుడు బ్లేడు తగిలిందా, ఆ పోగు మగ్గం మీదికి వచ్చాక తెగుతుంది. ఆరేసిన నూలును ముట్టుకోవద్దు, చేతి చెమటకు కూడా మరక పడుతుంది.

మగ్గం దగ్గర డబుల్ ఇక్కత్ నేసేది దొరికితే ఓ పావుగంట నిలబడి చూడండి. పడుగుకూ (నిలువుపోగు) పేకకూ రెండింటికీ చిటికి కట్టి ఉంటుంది. పేక దారాన్ని మోసుకెళ్లే నాడె ఒక్కసారి దాటగానే నేతగాడు పేకను అంచు దగ్గర కొంచెం లాగుతాడు, పేక మీది ఎరుపు పడుగు మీది ఎరుపు మీద పడిందా లేదా చూసి అప్పుడు పన్నె (పేకను దగ్గరకు తోసే దువ్వెన లాంటి పలక) కొడతాడు. వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు చెదిరిపోతుంది. ఆ సమయంలో మాట కలపకపోవడమే మర్యాద. ఫొటోకు ముందు అడగండి, కొత్త డిజైన్ అయితే కొందరు వద్దంటారు.

కొనేటప్పుడు బట్ట తిప్పి చూడండి. నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు ఈక కొనల్లా కొద్దిగా పలచబడతాయి. అంచులు గీత గీసినట్టు ఉండి వెనక వైపు వెలిసినట్టుంటే అది ప్రింటు. పట్టు అయితే సిల్క్ మార్క్, చేనేత అయితే హ్యాండ్‌లూమ్ మార్క్ అడగండి. బిల్లు తప్పనిసరి. అంచున కనిపించే చిన్న దారపు ఉచ్చులు లోపం కాదు, పేకను సర్దిన గుర్తులవి. మూడు వేలకే పట్టు డబుల్ ఇక్కత్ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. వారాల తరబడి సాగే కూలి ఆ ధరలో ఇమడదు.

ఊళ్లో చూడాల్సింది ఇంకోటుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు, భూదానోద్యమం అక్కడే మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లిని చేర్చింది. పర్యాటక కేంద్రానికి అరగంట చాలు. రాత్రి ఉండాలనుకుంటే గది ముందే ఖాయం చేసుకోండి. లేదంటే యాదగిరిగుట్టకు వెళ్లిపోండి, అక్కడ లాడ్జిలకు కొదవ లేదు.

పట్టు వద్దు, నూలు దుప్పట్లూ డ్రెస్ మెటీరియలూ చాలు అనుకుంటే చౌటుప్పల్ వైపు కొయ్యలగూడెం మేలు. పనితనమే చూడాలంటే మాత్రం పుట్టపాక వెళ్లాల్సిందే. చీరాలలో పుట్టిన తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ గుడ్డ, ఇప్పుడు ఎక్కువగా నిలబడింది ఇక్కడే. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికాకే రంగు వేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. కొత్త రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. ఆ వాసన కొన్నాళ్లు ఉంటుంది, అది చూసి పాడైందనుకుని సబ్బుతో ఉతికేయకండి.